లినక్స్‌లో మోడెం – మన హాస్టల్ నేర్చుకున్న పాఠం



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే పాఠం ఏదైనా రాయమన్నారు. నేను పండితుణ్ణి కాను. 2004లో మన హాస్టల్ ఆఫీసు గదిలో ఒక పాత కంప్యూటరుతో మూడు వారాలు కుస్తీ పట్టి నేర్చుకున్నదే నాకు తెలిసిన పెద్ద పాఠం. డయల్-అప్ మోడెం మీలో చాలామంది చూసి కూడా ఉండరు. అయినా ఆ పాఠం ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది. అందుకే రాస్తున్నాను.

అసలు అవసరం ఎందుకొచ్చింది?

అప్పటికి పల్నాడు జిల్లా లేదు. అది 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. మాచర్ల, గురజాల, నరసరావుపేట అన్నీ గుంటూరు జిల్లాలోనే ఉండేవి. ఇంటర్నెట్ చూడాలంటే నరసరావుపేటలో నెట్ సెంటరుకు పోవాలి. గంటకు ముప్పై రూపాయలు. ఇంటి నుంచి నెలకు వంద రూపాయలు వస్తే గొప్ప అనుకునే మాకు అది చిన్న మొత్తం కాదు.

మా రూములో మాచర్ల వైపు కుర్రాడు ఒకడు ఉండేవాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఒక కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూ కబురు ఉత్తరంలో వస్తుందని రోజూ పోస్ట్‌మ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడేవాడు. ఆ కబురు ఈ-మెయిల్లో వచ్చింది. ముప్పై రూపాయలు సర్దుకుని వాడు నెట్ సెంటరుకు వెళ్లేసరికి ఇంటర్వ్యూ తేదీ దాటి నాలుగు రోజులైంది. ఆ రాత్రి వాడు అన్నానికి రాలేదు. మేమూ పిలవలేకపోయాం.

అదే నెలలో ఒక పూర్వ విద్యార్థి తమ ఆఫీసులో తీసేసిన కంప్యూటరును హాస్టలుకు ఇచ్చారు. అందులో విండోస్ వైరస్ పట్టి పాడైపోయింది. మళ్లీ కొనే స్తోమత మాకు లేదు. గుంటూరులో చదివే ఒక సీనియర్ అన్న రెడ్ హ్యాట్ లినక్స్ 9 సీడీలు మూడు తెచ్చి, "ఇది ఎంతమందికైనా కాపీ చేసి ఇయ్యొచ్చురా, తప్పు కాదు" అన్నాడు.

ఆ మాట మాకు వింతగా తోచింది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన అమెరికాలో గ్నూ అనే పని ప్రకటించాడు. సాఫ్ట్‌వేరు ఎలా తయారైందో చూపే మూలరాతను, అంటే సోర్సు కోడును, ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అన్నది దాని నియమం. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్, తన ఇరవై ఒకటో ఏట, లినక్స్ కెర్నెల్‌ను బయటపెట్టాడు. ఈ రెండూ కలిసినదే మా చేతికొచ్చిన సీడీ. మనలాంటి ఒక విద్యార్థి మొదలుపెట్టిన పని అని తెలిశాక మాకు ధైర్యం వచ్చింది.

మోడెం అంటే ఏమిటి?

టెలిఫోన్ తీగ మనిషి గొంతు కోసం ఏర్పాటు చేసినది. సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ఉండే ధ్వనిని మాత్రమే అది మోసుకుపోతుంది. కంప్యూటరు మాట్లాడేది ఒకట్లు, సున్నాలు. వాటిని ధ్వనిగా మార్చి తీగలోకి పంపడం మాడ్యులేషన్. అవతల ఆ ధ్వనిని మళ్లీ ఒకట్లు, సున్నాలుగా మార్చడం డీమాడ్యులేషన్. ఈ రెండు పేర్ల ముక్కలూ కలిపితే మోడెం. రెండు మోడెంలు కలుసుకోగానే ఎంత వేగంతో మాట్లాడుకోవాలో ముందుగా ఒప్పందం చేసుకుంటాయి. అప్పుడు వినిపించే కీచు, బరబర చప్పుళ్లు అవే. మొదటిసారి విన్నప్పుడు మా వార్డెన్ సారు, "ఏందిరా అది, చెరువులో కప్పలు అరిచినట్టు? ఫోను ఉంటదా, పోద్దా?" అన్నారు.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా మొదలైంది. మా రోజులకు బి.ఎస్.ఎన్.ఎల్. వారి సంచార్‌నెట్ ఉండేది. 172233కు డయల్ చేయాలి. మోడెం మీద 56 కె అని రాసి ఉండేది. 1998లో వచ్చిన వి.90 అనే పద్ధతి ప్రకారం అది మనవైపు వచ్చే సమాచారానికి గరిష్ఠ వేగం మాత్రమే. మన నుంచి పోయేదానికి 33.6 కిలోబిట్లు.

చిన్న లెక్క చూడండి. 33,600 బిట్లను 8తో భాగిస్తే సెకనుకు 4,200 బైట్లు. ఒక మెగాబైట్ రావాలంటే సుమారు నాలుగు నిమిషాలు. 650 మెగాబైట్ల సీడీ మొత్తం రావాలంటే దాదాపు 45 గంటలు. లినక్స్ మా దగ్గరికి తీగలో కాక అన్న సంచిలో సీడీలుగా ఎందుకొచ్చిందో ఈ లెక్కే చెబుతుంది.

మేము చేసిన తప్పు

మొదటి ఆదివారం అంతా వృథా అయింది. కనెక్షన్ రాకపోతే ఒకడు పాస్‌వర్డ్ మార్చాడు, ఇంకొకడు తీగ మార్చాడు, నేను సెట్టింగులు మార్చాను. మూడూ ఒకేసారి. దాంతో ఏది తప్పో, ఏది ఒప్పో ఎవరికీ తెలియకుండా పోయింది. ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం.

రెండో వారం ఆ మాచర్ల కుర్రాడే దారి చూపాడు. వాళ్లది సాగర్ కుడి కాలువ కింద రెండెకరాల కౌలు. "మా పొలానికి నీళ్లు రాకపోతే మా నాయన పొలంలో నిలబడి తిట్టడు. మేజరు కాడికి పోతాడు. అక్కడ ఉంటే మైనరు కాడికి, అక్కడా ఉంటే పిల్లకాలువ కాడికి. ఏ తూము దగ్గర ఆగిందో చూసి ఆ ఒక్కటే బాగు చేస్తాడు. మనమూ అట్టనే చూద్దాం" అన్నాడు.

ఒక నోటుబుక్కు పెట్టాం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, ఏం మార్చామో, ఏం జరిగిందో రాయాలి అని కట్టుబాటు చేసుకున్నాం. ఆ నోటుబుక్కులోని ఏడు తూములు ఇవి.

1. కార్డు కనిపిస్తోందా? ఎల్.ఎస్.పి.సి.ఐ. అనే ఆదేశం ఇస్తే కంప్యూటరు లోపల ఉన్న కార్డుల పట్టిక వస్తుంది. మోడెం పేరు అందులో ఉంది. అంటే కార్డు సరిగానే కూర్చుంది.

2. కార్డు మాట వింటోందా? మినీకామ్ అనే ప్రోగ్రాములో 'ఏ.టి.' అని టైపు చేస్తే మోడెం 'ఓకే' అనాలి. ఇది హేస్ కంపెనీ 1981లో తెచ్చిన మోడెంతో వచ్చిన భాష. 'ఏ.టి.' అంటే అటెన్షన్. మా మోడెం ఉలకలేదు, పలకలేదు. కారణం తర్వాత తెలిసింది. బయట పెట్టే సీరియల్ మోడెంకు సొంత బుర్ర ఉంటుంది. విండోస్‌లో కామ్ 1 అనే పోర్టుకు తగిలిస్తే లినక్స్‌లో అది టి.టి.వై.ఎస్. 0 అనే పేరుతో పలుకుతుంది. చవకగా దొరికే లోపలి కార్డుల్లో చాలావాటికి ఆ బుర్ర ఉండదు. ధ్వనిని మార్చే లెక్కలన్నీ కంప్యూటరు ప్రాసెసరే ఒక డ్రైవర్ సాయంతో చేసిపెట్టాలి. వీటిని విన్‌మోడెంలు అనేవారు. చాలా కార్డులతో ఆ డ్రైవర్ విండోస్‌కు మాత్రమే ఇచ్చేవారు. కార్డు లోపల ఏముందో చెప్పే కాగితాలు బయటికి ఇవ్వకపోవడంతో లినక్స్ రాసేవారికి చేతులు కట్టేసినట్లయ్యేది. అయినా కొందరు ఔత్సాహికులు లిన్‌మోడెమ్స్ అనే పేరుతో చేరి, ఏ చిప్‌కు ఏ డ్రైవర్ పనిచేస్తుందో వెతికి పెట్టారు. మేము చిప్ పేరు కాగితం మీద రాసుకుని నెట్ సెంటరుకు పోయి, ఆ డ్రైవర్‌ను ఫ్లాపీలో తెచ్చాం. మొదటి ఫ్లాపీ చదవలేదు. మళ్లీ పోయాం. డ్రైవర్‌ను మా కెర్నెల్‌కు సరిపడేలా కంపైల్ చేయాలి. మాది 2.4.20-8. ఆ అంకెల్లో ఒక్కటి తేడా ఉన్నా ఎక్కదు. దానికి కావలసిన కెర్నెల్ సోర్సు మా సీడీల్లోనే ఉంది. ఆ రాత్రి పదకొండు గంటలకు తెర మీద 'ఓకే' అని వచ్చింది. రెండక్షరాలు చూసి అంత సంతోషించడం నాకు మళ్లీ జరగలేదు.

3. లైను దొరికిందా? 'నో డయల్‌టోన్' అని వస్తే ముందు మామూలు ఫోను పెట్టి వినాలి. చెవికి టోను వినిపిస్తూ ఉంటే, మన ఎక్స్‌చేంజి టోనును మోడెం గుర్తుపట్టడం లేదని అర్థం. అప్పుడు 'ఏ.టి.ఎక్స్. 3' అని ఇస్తే టోను కోసం ఆగకుండా డయల్ చేస్తుంది. పాత ఎక్స్‌చేంజిలకు టోను బదులు పల్స్ పద్ధతి కావాలి. 'ఏ.టి.డి.టి.' స్థానంలో 'ఏ.టి.డి.పి.' వాడాలి.

4. అవతలి మోడెం పలికిందా? 'బిజీ' అంటే అవతల లైను ఖాళీ లేదు. 'నో క్యారియర్' అంటే కలిసి కూడా ఒప్పందం కుదరలేదు, లేదా మధ్యలో తెగిపోయింది. 'కనెక్ట్' అని వస్తే ఈ తూము దాటినట్లే.

5. పేరు, పాస్‌వర్డ్ ఒప్పుకుందా? ఇక్కడి నుంచి పని పి.పి.పి. అనే పద్ధతిది. డబ్ల్యు.వి.డయల్ గానీ, బొమ్మలతో ఉండే కె.పి.పి.పి. గానీ ఈ పని చూసుకుంటాయి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వచ్చినా ఇక్కడే ఆగుతుంది.

6. బయటికి దారి ఉందా? మాకు అన్నీ కుదిరాక కూడా ఒక్క పేజీ తెరుచుకోలేదు. రెండు రోజులు తల పట్టుకున్నాం. చివరికి సిస్టమ్ రాసుకునే లాగ్ ఫైలు తెరిచి చూస్తే, ముందే ఉన్న డిఫాల్ట్ రూటును మార్చడం లేదని అందులో ప్రతిసారీ రాసి ఉంది. ఆ కంప్యూటరులో ఆఫీసు నాటి ల్యాన్ కార్డు ఒకటి ఉంది. లినక్స్ ఎక్కించేటప్పుడు గేట్‌వే అంకెలు అడిగితే తోచినవి టైపు చేసింది నేనే. దాంతో సమాచారం అంతా ఎవరూ లేని ఆ ల్యాన్ కార్డు వైపు పోతోంది. ల్యాన్ కార్డును ఆపేశాం.

7. పేర్ల పుస్తకం ఉందా? అంకెల చిరునామాకు పింగ్ పోతూ, పేరుతో మాత్రం పేజీ తెరుచుకోకపోతే డి.ఎన్.ఎస్. లేదన్నమాట. రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే ఫైలులో ఆ అంకెలు రాయాలి. మాకు అవి అవతలి నుంచి వాటంతటవే వచ్చాయి.

ఆ తర్వాత

మూడో ఆదివారం రాత్రి మొదటి పేజీ తెరుచుకుంది. ముందుగా ఆ మాచర్ల కుర్రాడినే కూర్చోబెట్టాం. వాడి మెయిల్లో కొత్తది ఏమీ లేదు. ఇంకో అవకాశం ఇవ్వమని ఆ కంపెనీకి రాశాడు. జవాబు రాలేదు. ఆ ఉద్యోగం పోయింది పోయినట్లే. వాడు తర్వాత బి.ఇడి. చేసి ఉపాధ్యాయుడయ్యాడు.

కానీ వాడే ఒక రిజిస్టరు పెట్టించాడు. ఆదివారం, బుధవారం రాత్రి తొమ్మిది తర్వాత, మనిషికి పది నిమిషాలు. ఫోను బిల్లుకు నెలకు తలా రెండు రూపాయలు. ఎవరు దేనికి దరఖాస్తు పెట్టారో ఆ రిజిస్టరులో రాసేవాడు, వాళ్లు ఊరికి పోతే ఇంటి దగ్గరి ఎస్.టి.డి. బూత్ నంబరు కూడా రాయించేవాడు. ఆ వేసవిలో గురజాల వైపు తమ్ముడు ఒకడికి ఇంటర్వ్యూ కబురు మూడు రోజుల ముందే కనిపించింది. బూత్‌కు ఫోను చేశాం. వాడు పిడుగురాళ్లలో బస్సెక్కి సమయానికి హైదరాబాద్ చేరాడు. ఎంపికయ్యాడు కూడా.

ఇప్పుడు మీకెందుకు?

తమ్ముళ్లూ, ఆ మోడెం పోయింది గానీ దానిలోని విద్య పోలేదు. మోటారు స్టార్టర్లలో సిమ్ము వేసి పెట్టే జి.ఎస్.ఎం. మాడ్యూళ్లు ఇప్పటికీ 'ఏ.టి.' అంటే 'ఓకే' అంటాయి. ఇంటికి వచ్చే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో అనేకం నేటికీ పి.పి.పి.నే మరో రూపంలో వాడుతున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది లినక్స్ కెర్నెలే.

అంతకన్నా ముఖ్యమైనది ఆ నోటుబుక్కు పద్ధతి. "నాకు లెక్కలు రావు" అని ఎవరూ అనవద్దు. అది పొలంలో నిలబడి తిట్టడం లాంటిది. భిన్నాల దగ్గర ఆగిందా, సమీకరణం రాయడం దగ్గర ఆగిందా, చివర గుర్తు మార్చడం దగ్గర ఆగిందా అని వెనక్కి నడిచి చూడండి. ఆగింది ఒక్క తూము దగ్గరే అయి ఉంటుంది. దాన్ని బాగు చేస్తే మిగతా కాలువంతా పారుతుంది.

చేసి చూడండి:

1. మీ ఫోనులో ఒక పాట 5 మెగాబైట్లు అనుకుంటే, మా మోడెంలో 33.6 కిలోబిట్ల వేగంతో అది రావడానికి ఎంతసేపు పట్టేది?

2. ఈసారి నెట్ రాకపోతే వెంటనే ఫోను ఆపి పెట్టకుండా, పై ఏడు తూముల్లో ఏది ఆగిందో కాగితం మీద రాయండి.

3. స్టోరు గదిలో మూలపడిన కంప్యూటరు ఉంటే వార్డెన్ సారు అనుమతి తీసుకుని, నలుగురు కలిసి లినక్స్ ఎక్కించండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రాసుకోవడం మరవకండి.

హాస్టల్ మరింత మంది విద్యార్థులను పైకి తీసుకురావాలని కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థి