బ్యాటరీ బండి ఎక్కబోయే మన కుర్రాళ్లకు

జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో మా వీధి కుర్రాళ్లు ఈమధ్య వచ్చి, "పెదనాన్నా, ఎలక్ట్రిక్ లారీ తోలమంటున్నారు, వెళ్లమంటావా?" అని అడిగారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కంపెనీ పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఇళ్ల పిల్లలు. నా వయసంతా డీజిల్ బండి మీదే గడిచింది. అయినా వెళ్లమనే చెప్పాను. కాకపోతే ఏ రూటు, ఏ ఒప్పందం అన్నవి ముందు తేల్చుకోవాలి.

1. బండి కన్నా ముందు రూటు చూడండి. 2021లో టాటా స్టీల్ ఉక్కు మోయడానికి 27 ఎలక్ట్రిక్ బండ్లు కుదుర్చుకుంది. 15 మన జంషెడ్‌పూర్‌కి, 12 ఢిల్లీ దగ్గరి సాహిబాబాద్‌కి. సాహిబాబాద్ బండ్లకు ఇచ్చిన రూటు పిల్‌ఖువా స్టాక్‌యార్డు దాకా, 38 కిలోమీటర్లు. అంత దగ్గర రూటు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆ బండి బ్యాటరీ 230.4 యూనిట్లు. 35 టన్నుల లోడుతో కిలోమీటరుకు యూనిటున్నర తాగిందనుకోండి. అడుగున ఐదో వంతు ఎప్పుడూ మిగిల్చి ఉంచాలి. ఇక చేతిలో ఉన్నది సుమారు 120 కిలోమీటర్ల చార్జి. రాంచీ మనకు 130 కిలోమీటర్లు, దారిలో తైమారా ఘాటీ కొండదారి కూడా ఉంది; ఒక్క చార్జికి అందదు. అదే దగ్గర్లోని ఆదిత్యపూర్, గమ్హరియా, కాండ్రా అయితే నిశ్చింతగా వెళ్లి రావచ్చు. చైనాలో కూడా బ్యాటరీ లారీలు ముందు నిలదొక్కుకున్నది ఉక్కు ఫ్యాక్టరీలు, గనులు, ఓడరేవుల చుట్టూ తిరిగే దగ్గర రూట్లలోనే. ఇచ్ఛాపురం దాటి విశాఖ దాకా వెళ్లే లోడు ఇప్పటికి డీజిల్‌కే వదిలేయండి.

2. కాటా దగ్గర మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. ఆ బ్యాటరీ ఒక్కటే 2.7 టన్నులు. కిరాయి టన్నుల లెక్కన వచ్చే ఉక్కు లోడుకి ఆ బరువు ప్రతి ట్రిప్పులోనూ నష్టమే. ఆ నష్టం పూడ్చడానికి "ఇంకాస్త ఎక్కించు" అనే ఓనర్లుంటారు. ఒప్పుకోవద్దు. బరువు పెరిగేకొద్దీ చార్జి కరిగిపోతుంది, దారి మధ్యలో ఆగిపోయేది మీరే.

3. మన ఊళ్లో ఈ బండికి అన్నిటికన్నా అనుకూలమైన చోటు ఫ్యాక్టరీ గేటు ముందు లైను. లోడు కోసం, కాగితం కోసం, నో ఎంట్రీ ఎత్తేదాకా మన డ్రైవర్లు రోడ్డు మీద గడిపే కాలం బయటివాళ్లకు తెలియదు. మే నెలలో, రెండు మూరల దూరం జరగడానికి ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసి, ముందు బండి పొగ కిటికీలోంచి వస్తుంటే తడి తువ్వాలు ముఖానికి కట్టుకుని కూర్చునేవాళ్లం. గేర్‌బాక్సు వేడికి కాలు పక్కకు పెట్టుకునేవాళ్లం. బ్యాటరీ బండి నిలబడినప్పుడు మోటారు ఏమీ తాగదు. 2025లో కొత్త పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. ఆ ఏసీకి కొద్దిగా చార్జి పోతుంది, పోనివ్వండి. డ్రైవర్ ఊపిరితిత్తుల కన్నా అది ఎక్కువ కాదు.

4. చార్జింగు సమయం ఎవరి ఖాతాలోదో అడగండి. 160 కిలోవాట్ల చార్జర్ పెడితే ఆ బ్యాటరీ ఖాళీ నుంచి నిండడానికి 95 నిమిషాలు. డీజిల్ పోయించుకోవడం పది నిమిషాల పని. ట్రిప్పు లెక్కన డబ్బులిచ్చే చోట ఈ గంటన్నర మీ జేబులోంచే పోతుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అని రాసింది, అయిదు గంటల తర్వాత కనీసం అరగంట విశ్రాంతి అనీ రాసింది. చార్జింగుని మీ విశ్రాంతిగా చూపించి, ఆ టైములో బండి కడగమనీ కాగితాలు తిప్పమనీ అంటే అది విశ్రాంతి కాదు. దానికి వేరుగా బత్తా రాయించుకోండి. లోడు ఎత్తే చోటే చార్జర్ ఉంటే ఈ గొడవ సగం తీరుతుంది. కాబట్టి చార్జర్ ఎక్కడుందో, మీ వంతు రావడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి వెళ్లి కళ్లారా చూసి రండి. ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది: డీజిల్ ఖర్చు మిగిలేది ఓనరుకి, కాలం పోయేది డ్రైవరుకి.

5. ఘాటీ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే మోటారే బండిని పట్టి ఆపుతుంది, ఆ శక్తి బ్యాటరీకి తిరిగొస్తుంది. బ్రేకు డ్రమ్ములు కాలవు. కానీ బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే తిరిగొచ్చే శక్తికి చోటుండదు, ఆ పట్టు తగ్గిపోతుంది. కొండ మీద చార్జి చేసుకుని వెంటనే దిగాల్సి వస్తే నూరు శాతం నింపకండి. ఎయిర్ ప్రెషరు చూడడం ఎప్పటిలాగే.

6. క్లచ్ లేదు. ఎడమ మోకాలికి ఇంతకన్నా మేలు లేదు.

7. ఆరెంజ్ రంగు కేబుళ్ల జోలికి మీరూ వెళ్లకండి, ఖలాసీనీ వెళ్లనివ్వకండి. ప్రెషరు పంపుతో వాటి మీద నీళ్లు కొట్టొద్దు.

8. సొంతంగా కొనాలనుకునేవాళ్లు ముందు కొన్నాళ్లు జీతానికి తోలండి. ట్రైలర్ లాగే పెద్ద ఎలక్ట్రిక్ లారీ ధర కోటి దాటుతుంది. పీఎం ఈ-డ్రైవ్ కింద 2025 జులైలో ఎలక్ట్రిక్ లారీలకు ప్రకటించిన రాయితీ ఎక్కువలో ఎక్కువ 9.6 లక్షలు, దానికి పాత లారీని తుక్కుకి ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. అదే పథకం బ్యాటరీకి 5 ఏళ్లు లేదా 5 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇవ్వాలంది. బ్యాంకు లోను అయిదేళ్లు దాటి పోతుంటే, ఆ మిగిలిన కంతులు కట్టే రోజుల్లో బ్యాటరీ పోతే కొత్తది ఎంతకిస్తారో డీలరు చేత రాయించుకుని, అప్పుడు సంతకం పెట్టండి.