వలస కార్మికుని వెంట వైద్య చరిత్ర

సూరత్ మరమగ్గాలపై పనికి తెలంగాణ నేత కుటుంబాలు తరతరాలుగా వలస వెళుతున్నవి. వలస శ్రామికుల పేటలలో నవాగామ్ ఒకటి. స్వగ్రామంలో క్షయకు మందు మొదలుపెట్టిన కార్మికుడు అక్కడి వైద్యుని ఎదుట కూర్చున్నపుడు, పాత చీటీలు ఇంటి పెట్టెలోనే ఉండిపోతాయి. ఏ మందు ఎన్నాళ్ళు వాడినదీ తెలియక చికిత్స తడబడితే, వ్యాధి మందులకు లొంగకుండా పోవచ్చు.

రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోనిది. రోగి మాత్రం ఎల్లలు దాటుతాడు. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కోరినవారికి 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్యను ఇస్తున్నది. ఏ ఆసుపత్రి వివరాలు అక్కడే ఉండి, రోగి అనుమతిపైనే మరొకచోటికి వెళతాయి.

ఆ అనుమతి అర్థమై ఇచ్చినదేనా? అనుమతి కోరే పత్రం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా లభించాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిర్దేశించినది. ఆ నిబంధన అమలైననాడు సూరత్‌లోని నేత కార్మికుడు దానిని తెలుగులోనే అడగవచ్చు.