పని చోట చీకటి గుణాలు: మైత్రి అంటే భరించడమేనా?



పోయిన ఆదివారం హిమాయత్‌నగర్‌లో మన ధమ్మ పాఠం అయ్యాక ఒక చెల్లి ఆగి అడిగింది. బట్టల షోరూంలో పని చేస్తుంది. "అన్నా, నా అమ్మకాలు మేనేజర్ తన పేరు మీద రాసుకుంటడు. అమ్మకు డయాలసిస్, రెండు గంటల పర్మిషన్ అడిగితే అందరి ముందు నవ్వుతడు. మైత్రి భావన చెయ్యమంటరు కదా, అంటే ఇదంతా భరించాల్నా?"

ఆ ప్రశ్నే ఈ పాఠం.

2002లో కెనడాలో పాల్హస్, విలియమ్స్ అనే పరిశోధకులు మూడు చీకటి గుణాలను ఒకచోట చేర్చి చూపారు. ఒకటి, నన్ను మించినోడు లేడనే అహం. రెండు, మనుషుల్ని పావుల్లా వాడుకునే కపటం. మూడు, ఎదుటివాడి బాధ తాకని కరుణలేనితనం. ఇవి ఎంతో కొంత అందరిలో ఉంటాయి, కొందరిలో పాలు ఎక్కువ. చాలా దేశాల్లో కొలిచి చూస్తే సగటున మగవాళ్లలో, కుర్రవాళ్లలో కొంత ఎక్కువ కనిపించాయి. అది సగటు మాత్రమే. దాంతో ఏ ఒక్క మనిషినీ తూచకూడదు.

మరి కులం? 1917లో బాబాసాహెబ్ బరోడా సంస్థానంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచే విసిరేసేవారు. వాళ్లంతా పుట్టు క్రూరులా? కాదు. మామూలు మనిషికి కూడా క్రూరత్వాన్ని ఆచారంగా నేర్పింది కులం. ప్రతి అవమానాన్నీ "వాడి గుణం అంతే" అని వదిలేస్తే వ్యవస్థ తప్పించుకుంటుంది.

మన హైదరాబాద్‌లోనే, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు ఏళ్ల తరబడి పెంచి చూపామని లేఖలో ఒప్పుకున్నారు. పుస్తకాల్లో ఉన్న నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆయన మనసును దూరం నుంచి మనం కొలవలేం. మనకు పాఠం వేరే: పైవాణ్ణి గట్టిగా అడిగేవాళ్లు లేనిచోట అబద్ధం ఏళ్లకేళ్లు బతుకుతుంది.

బుద్ధుడు అహానికి మందుగా ఉపదేశం ఒక్కటే ఇవ్వలేదు, పద్ధతి కూడా పెట్టాడు. శాక్య కుమారులు తమ గర్వం అణగాలని, మంగలి ఉపాలికి తమకంటే ముందు దీక్ష ఇమ్మన్నారు. ముందు చేరినవాడికి తర్వాతివాళ్లు మొక్కాలి. అట్లా రాజకుమారులు ఉపాలికి మొక్కారు.

కాబట్టి చెల్లీ, మైత్రి అంటే ద్వేషం పెట్టుకోకపోవడం. నోరు మూసుకోవడం కాదు. బిల్లు నంబర్లు, తేదీలు రాసిపెట్టుకో. తోటివాళ్లతో కలిసి కాగితం మీద అడుగు. కులం పేరుతో తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. బౌద్ధం తీసుకున్నా ఎస్సీ హోదా పోదు, 1990 సవరణ దాన్ని నిలబెట్టింది. లైంగిక వేధింపులైతే 2013 చట్టం ప్రకారం పదిమందికి తగ్గని ప్రతి పనిచోటా అంతర్గత కమిటీ ఉండాలి.

ఇక మనవైపు చూసుకుందాం. మనలో కూడా సూపర్‌వైజర్లు, ఆఫీసర్లు, సంఘం అధ్యక్షులు ఉన్నారు. కుర్చీ దొరికాక మన గొంతు మారలేదా? అద్దంలో చూసుకున్నట్టు పనికి ముందు, చేస్తుండగా, చేశాక పరీక్షించుకోమని బుద్ధుడు రాహులుడికి చెప్పాడు.

ఈ వారం అభ్యాసం: రోజూ పడుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈరోజు ఎవరి కష్టాన్ని నా పేరు మీద రాసుకున్నాను? ఎవరి బాధను చూసి నవ్వాను? ఎవరికి జరిగిన అన్యాయం చూసి మౌనంగా ఉన్నాను?

జై భీమ్.