ఎంజీ సైబర్‌స్టర్ వర్సెస్ బీఎండబ్ల్యూ జెడ్4: నాదర్‌గుల్ నుంచి కొనేవాళ్లకి ఏది బెటర్?

నాదర్‌గుల్‌లో ఉండే మా బావ ఈ మధ్య కొంత పొలం అమ్మాడు. ఇల్లు, పిల్లల పేరు మీద ఎఫ్‌డీలు అన్నీ అయ్యాక, చిన్నప్పటి నుంచి ఉన్న ఒక్క కోరిక మిగిలింది: టాప్ తీసేసి నడిపే టూ సీటర్ స్పోర్ట్స్ కారు. లిస్టులో చివరికి రెండే మిగిలాయి. ఒకటి ఎలక్ట్రిక్ ఎంజీ సైబర్‌స్టర్, ఇంకోటి పెట్రోల్ బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ. "నువ్వు ఫోన్ల స్పెక్స్ అన్నీ చూస్తావు కదరా, ఇవి కూడా చూసి చెప్పు" అన్నాడు.

పొలం మళ్లీ రాదు కాబట్టి కొంచెం సీరియస్‌గానే కూర్చున్నాను. ఇది డ్రైవ్ రివ్యూ కాదు. స్పెక్ షీట్‌లో ఉన్న నంబర్లని మన రోడ్డు, మన ట్యాక్స్, మన కరెంటు మీటర్‌తో కలిపి ఎలా చదవాలో చూద్దాం. ఈ పద్ధతి వేరే కార్లకి కూడా పనికొస్తుంది.

ముందు స్పెక్స్

ఎంజీ సైబర్‌స్టర్:
- రెండు మోటార్లు, ఆల్ వీల్ డ్రైవ్, 510 పీఎస్, 725 ఎన్ఎం
- 77 కిలోవాట్ అవర్ బ్యాటరీ, కంపెనీ చెప్పే రేంజ్ 580 కి.మీ.
- 0–100: 3.2 సెకన్లు
- బరువు 1,985 కిలోలు
- 2025 జులైలో లాంచ్ ధర 74.99 లక్షలు, ఎక్స్ షోరూమ్

బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ:
- 3.0 లీటర్ సిక్స్ సిలిండర్ టర్బో, రియర్ వీల్ డ్రైవ్, 340 హార్స్‌పవర్, 500 ఎన్ఎం
- 0–100: 4.5 సెకన్లు (ఆటోమేటిక్)
- బరువు సుమారు 1,600 కిలోలు
- ధర సుమారు 90 లక్షలు, ఎక్స్ షోరూమ్

రెండిట్లోనూ సాఫ్ట్ టాప్ 10 సెకన్లలో తెరుచుకుంటుంది, 50 కి.మీ. స్పీడ్ లోపు వెళ్తూ కూడా తెరవొచ్చు. ఇక్కడ టై.

1. స్పీడ్: తేడా ఉంది, కానీ వాడే చోటు ఎక్కడ?

టన్ను బరువుకి పవర్ ఎంతో చూస్తే సైబర్‌స్టర్‌కి దాదాపు 257, జెడ్4కి 212 వస్తుంది. సిగ్నల్ దగ్గర సైబర్‌స్టరే ముందు. గేర్లు మారే పని లేదు, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది.

కానీ బొంగ్లూర్ దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కాక లిమిట్ 120. రెండు కార్లూ అక్కడికి కొన్ని సెకన్లలో చేరిపోతాయి. ఆ తర్వాత టాప్ స్పీడ్ 200 అయినా 250 అయినా మీకు ఉపయోగం లేదు. కాబట్టి 1.3 సెకన్ల తేడా చూసి డెసిషన్ తీసుకోకండి.

బరువు మాత్రం పట్టించుకోవాలి. 120 స్పీడ్‌లో కారుని ఆపాలంటే బ్రేకులు ఆ ఎనర్జీ మొత్తాన్ని మింగాలి. సైబర్‌స్టర్‌లో అది జెడ్4 కంటే దాదాపు 24 శాతం ఎక్కువ. మామూలుగా రీజెన్ కొంత భారం తీసుకుంటుంది, కానీ ఏ ఈవీలో అయినా బ్యాటరీ ఫుల్‌గా ఉన్నప్పుడు రీజెన్ తగ్గుతుంది. వరసగా మలుపులు ఉన్న ఘాట్ రోడ్డులో తేలికైన కారు తిప్పడం సుఖం. ఈ రౌండ్ జెడ్4ది.

2. స్పీడ్ బ్రేకర్: ఎవరూ వేయని లెక్క

రెండిటి గ్రౌండ్ క్లియరెన్స్ 110–120 మిల్లీమీటర్ల మధ్యే. మనకి అలవాటైన ఎస్‌యూవీల్లో ఇది 200కి దగ్గరగా ఉంటుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ స్టాండర్డ్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. ఎత్తు 100 మిల్లీమీటర్లు, క్లియరెన్స్ 115, అంటే అంచుకి తగిలేలా ఉంది కదా? కాదు. బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు ఉంటే ముందు, వెనక చక్రాలు రెండూ దాని మీదే ఉంటాయి, కారు మొత్తం పైకి లేస్తుంది. అప్పుడు కారు మధ్యలోకి పొడుచుకొచ్చేది కొంచెమే. లెక్క వేస్తే:
- సైబర్‌స్టర్ (వీల్‌బేస్ 2,690 మి.మీ.): సుమారు 53 మి.మీ.
- జెడ్4 (వీల్‌బేస్ 2,470 మి.మీ.): సుమారు 45 మి.మీ.

రెండూ హాయిగా దాటేస్తాయి. ప్రాబ్లం కాలనీల్లో ఇంటి ముందు సిమెంటుతో పోసుకున్న సన్నటి బ్రేకర్లతో. వెడల్పు అర మీటరే ఉంటే చక్రాలు దిగిపోయాక దాని ఎత్తు మొత్తం కారు కిందకి వస్తుంది. అది 15 సెంటీమీటర్లు ఉంటే రెండు కార్లూ తగులుతాయి, వీల్‌బేస్ ఎంతైనా సరే. సైబర్‌స్టర్‌లో కింద ఉండేది బ్యాటరీ ప్యాక్ అని కూడా గుర్తుపెట్టుకోండి.

అందుకే బుక్ చేసే ముందు ఒక టేపు తీసుకుని, ఇంటి గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న ప్రతి బ్రేకర్‌నీ కొలవండి. సన్నగా ఉండి 10 సెంటీమీటర్లు దాటినవి ఒకటి రెండు ఉంటే వేరే దారి వెతకండి. అన్ని దారుల్లోనూ ఉంటే, రెండు కార్లూ మీ ఇంటికి సెట్ కావు.

3. ట్యాక్స్: అసలు తేడా ఇక్కడుంది

తెలంగాణలో కొని ఇక్కడే రిజిస్టర్ చేసే ఈవీలకి 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఈ ధరలో ఉన్న పెట్రోల్ కారుకి లైఫ్ ట్యాక్స్ దాదాపు ఐదో వంతు. జీఎస్టీ కూడా ఈవీకి 5 శాతం, ఇలాంటి పెట్రోల్ కారుకి 40 శాతం, కానీ అది ఎక్స్ షోరూమ్ ధరలోనే కలిసిపోయి ఉంటుంది.

ఇన్సూరెన్స్ పక్కన పెడితే:
- సైబర్‌స్టర్: 75 లక్షలు + ట్యాక్స్ 0 = 75 లక్షలు
- జెడ్4: 90 లక్షలు + సుమారు 18 లక్షలు = 1.08 కోట్లు

తేడా దాదాపు 33 లక్షలు. అందులో 18 లక్షలు కారులోకి కాదు, ట్యాక్స్‌లోకి వెళ్తాయి. రేపు అమ్మితే ఆ డబ్బు ఎవరూ మీ చేతిలో పెట్టరు.

"వేరే రాష్ట్రం నంబర్ ప్లేట్‌తో తీసుకుంటే ట్యాక్స్ తగ్గుతుంది" అనేవాళ్లు కచ్చితంగా తగులుతారు. వినకండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

4. రన్నింగ్ ఖర్చు: అందరూ మాట్లాడేది, ఇక్కడ చిన్నది

ఇలాంటి కారు ఏడాదికి 5,000 కి.మీ. తిరుగుతుందనుకుందాం.
- సైబర్‌స్టర్: నిజమైన రేంజ్ 400, యూనిట్ 10 రూపాయలు, ఛార్జింగ్ నష్టం 10 శాతం వేసుకుంటే సుమారు 10,600
- జెడ్4: లీటరుకి 9 కి.మీ., లీటరు 107 రూపాయలు వేసుకుంటే సుమారు 59,400

ఏడాదికి 49 వేలు మిగులుతాయి. రోజూ తిరిగే కారుకి ఇది పెద్ద పాయింటే. ఇక్కడ మాత్రం 18 లక్షల ట్యాక్స్‌కి సమానం కావాలంటే దాదాపు 37 ఏళ్లు పడుతుంది!

5. ఛార్జింగ్, లాంగ్ డ్రైవ్

7 కిలోవాట్ హోమ్ ఛార్జర్‌తో ఖాళీ బ్యాటరీ నిండాలంటే ఛార్జింగ్ నష్టంతో కలిపి దాదాపు 12 గంటలు. రాత్రి పెడితే పొద్దునకి రెడీ. ఇండిపెండెంట్ ఇల్లు అయితే ముందు కరెంటు ఆఫీసులో శాంక్షన్డ్ లోడ్ పెంచుకోండి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌తో మాట్లాడాకే అడ్వాన్స్ ఇవ్వండి.

శ్రీశైలం ట్రిప్ తీసుకోండి. నాదర్‌గుల్ నుంచి తుక్కుగూడ, డిండి, మన్ననూర్ మీదుగా దాదాపు 200 కి.మీ. రానూపోనూ 400. మనం వేసుకున్న రేంజ్ సరిగ్గా అంతే, అంటే ఒక్క ఛార్జింగ్ స్టాప్ తప్పదు. మన్ననూర్ దాటాక టైగర్ రిజర్వ్, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. ఛార్జర్ దగ్గర క్యూలో లేటైతే ఆ రాత్రి అక్కడే. జెడ్4లో ఈ టెన్షన్ లేదు.

6. లోపల

సైబర్‌స్టర్‌లో స్టీరింగ్ వెనక మూడు స్క్రీన్లు, స్నాప్‌డ్రాగన్ 8155 చిప్, బటన్ నొక్కితే పైకి లేచే డోర్లు. మన సైట్ రీడర్లకి నచ్చేది ఇదే. జెడ్4లో 10.25 అంగుళాల స్క్రీన్, తిప్పే ఐడ్రైవ్ నాబ్ ఉన్నాయి. కాస్త పాత పద్ధతి, కానీ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా వాడొచ్చు. రెండిట్లోనూ సీట్లు రెండే. అమ్మానాన్నలతో యాదగిరిగుట్ట వెళ్లాలంటే ఇంకో కారు ఉండాల్సిందే.

ఫైనల్ వెర్డిక్ట్

సైబర్‌స్టర్ తీసుకోండి: సొంత ఇల్లు, సొంత ఛార్జర్, ఎక్కువగా ఓఆర్‌ఆర్ డ్రైవ్‌లు, 2026 డిసెంబర్ 31 లోపు రిజిస్ట్రేషన్ అయ్యే డెలివరీ. ఆ తేదీని డీలర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. బుకింగ్ డేట్ కాదు, రిజిస్ట్రేషన్ డేటే లెక్క.

జెడ్4 తీసుకోండి: ఘాట్ రోడ్లు, లాంగ్ ట్రిప్పులు, సిక్స్ సిలిండర్ సౌండ్ ఇవే మీకు స్పోర్ట్స్ కారు అంటే, దానికి 33 లక్షలు ఎక్కువ పెట్టడం మీకు బరువు కాకపోతే. ఈ మోడల్‌కి కంపెనీ ఫైనల్ ఎడిషన్ కూడా ప్రకటించింది, కాబట్టి స్టాక్, స్పేర్ పార్టుల సంగతి ముందే అడగండి.

మా బావకి నేను చెప్పింది సైబర్‌స్టర్. కారణం 3.2 సెకన్లు కాదు, పొలం అమ్మిన డబ్బులో 33 లక్షలు బ్యాంకులోనే ఉంటాయి. కాకపోతే అడ్వాన్స్ కట్టేముందు టేపు పట్టుకుని వీధిలోకి వెళ్లమన్నాను. మీరూ అదే చేయండి.