సేవకు ఒక చట్టబద్ధమైన చిరునామా: సంఘం రిజిస్ట్రేషన్ ఎందుకు, ఎలా?



రంజాన్ వచ్చిందంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మసీదుల్లో నమాజు తర్వాత నలుగురు యువకులు కూర్చుని, పేద పిల్లల ఫీజులకు, వితంతువుల రేషన్‌కు చందాలు పోగుచేయడం మనం ఏటా చూస్తున్నదే. పని మంచిది, నియ్యత్ మంచిది. అయితే ఆ డబ్బు ఎవరి పేరున ఉంటోంది? చాలాచోట్ల అందరూ నమ్మే ఒక పెద్దాయన సొంత బ్యాంకు ఖాతాలో. ఆయన నిజాయితీపరుడే కావచ్చు. కానీ రేపు ఆయన కన్నుమూస్తే బ్యాంకు లెక్కలో అది ఆయన సొమ్మే. దానికోసం నామినీనో, వారసులో వెళ్లాలి. అది పేదల డబ్బని చూపడానికి మన దగ్గర కాగితం ఉండదు. ఈలోగా ఫీజు గడువు దాటిపోతుంది.

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ (2:282) అప్పు లావాదేవీని సాక్షులను పెట్టుకుని రాసిపెట్టుకోమని బోధిస్తుంది. ఇద్దరి మధ్య అప్పుకే అంత జాగ్రత్త అవసరమైతే, వందమంది ఇచ్చిన అమానత్‌కు ఇంకెంత జాగ్రత్త కావాలి? రిజిస్ట్రేషన్ అంటే ఆ జాగ్రత్తే. అది హోదా కోసం కాదు, బోర్డు కోసం అంతకన్నా కాదు.

ఏ రూపం ఎంచుకోవాలి?

సేవాసంస్థ పెట్టడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ట్రస్టు డీడ్ రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించడం ఒకటి. ఇందులో నిర్వహణ ట్రస్టీల చేతిలో ఉంటుంది. 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ పెట్టడం రెండోది. దీనికి ఖర్చూ, ఏటా దాఖలు చేయాల్సిన కాగితాలూ ఎక్కువ. మూడోది సొసైటీ. సభ్యులు కూర్చుని, కమిటీని ఎన్నుకుని, లెక్క అడిగే పద్ధతి ఇందులో ఉంది. ఊరందరి చందాతో నడిచే పనికి ఇదే తగినదని మా అభిప్రాయం.

వక్ఫ్ వీటన్నిటికన్నా వేరు. వక్ఫ్ చేసిన ఆస్తి శాశ్వతంగా అంకితమైనది, వారసత్వంగా పంచుకునేది కాదు. అది వక్ఫ్ బోర్డు పర్యవేక్షణలోకి వస్తుంది. కాబట్టి ఎవరైనా దాత ఇల్లో, స్థలమో ఇస్తానంటే అది వక్ఫా, సొసైటీకి దానమా అన్నది పత్రంలో స్పష్టంగా రాయించుకోవాలి.

సొసైటీ రిజిస్ట్రేషన్

1860 నాటి కేంద్ర చట్టం స్థానంలో మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 అమల్లో ఉంది. దాని ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. దరఖాస్తు రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ జిల్లా రిజిస్ట్రార్‌కు చేయాలి. ఏడుగురి సంతకాలు, ఆధార్ ప్రతులు, ఆఫీసు చిరునామాకు రుజువు సిద్ధం చేసుకోవాలి. అద్దె గది అయితే ఇంటి యజమాని అంగీకారం కూడా తీసుకోవాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి మన మూడు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. పాత అలవాటుతో అనంతపురం జిల్లా అని రాస్తే చిరునామా రుజువుతో సరిపోలదు.

గౌరీబిదనూరు వైపు సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ 1960 నాటి వేరే చట్టం ఉంది. బెంగళూరులో స్థిరపడ్డ మన ఊరివారు కలిసివస్తే సంతోషమే. కానీ ఆఫీసు ఏ రాష్ట్రంలో పెడతామో ముందే తేల్చుకోవాలి.

రిజిస్టర్ అయ్యాక సొసైటీకి చట్టం దృష్టిలో సొంత ఉనికి వస్తుంది. తన పేరున ఆస్తి ఉంచుకోవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. సభ్యులు మారినా అది నిలుస్తుంది. ఆ తర్వాత సంఘం పేరున పాన్ కార్డు, దానితో బ్యాంకు ఖాతా తీసుకోవాలి. ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి.

ఒక్క వాక్యం దగ్గర ఆగండి

మెమోరాండంలో ఆశయాలు రాసే పేజీని చాలామంది వేరే సంఘం కాగితాల నుంచి దించేస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ‘పేద ముస్లిం విద్యార్థులకు సహాయం’ అని రాయడం మనకు సహజంగానే అనిపిస్తుంది. కానీ 1961 ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్ ప్రకారం, సేవాసంస్థ ఒక్క మతంవారి లేదా ఒక్క కులంవారి మేలుకే ఏర్పడితే పన్ను మినహాయింపు దక్కదు. దాతలకు రాయితీనిచ్చే 80జీ విషయంలోనూ అదే అడ్డంకి. 2014లో దావూదీ బోహ్రా జమాత్ కేసులో సుప్రీంకోర్టు, ఆ సంస్థ ఆశయాల ప్రయోజనం తమ సమాజానికే పరిమితం కాదని చూసి మినహాయింపును సమర్థించింది. అంటే ఆశయాలు ఎవరి మేలు కోరుతున్నాయన్నదే కీలకం.

అందుకే ‘మతభేదం లేకుండా పేద విద్యార్థులకు’ అని రాయాలని మా సలహా. ఇది పన్ను కోసం వేసిన ఎత్తు కాకూడదు. ధర్మవరం మగ్గం దగ్గర పనిచేసే ఏ ఇంటి బిడ్డ వచ్చినా దరఖాస్తు తీసుకోవాలి. మసీదు నిర్వహణను ఈ సొసైటీలో కలపకుండా విడిగా ఉంచడం మంచిది. జకాత్‌కు ఖుర్ఆన్ (9:60) చెప్పిన ఎనిమిది వర్గాలే హక్కుదారులు కాబట్టి దానికి వేరే ఖాతా, వేరే రిజిస్టరు ఉండాలి. ఈ రెండూ ఎలా పొసగాలో సంతకాలకు ముందే ఒక ఆలిమ్‌ను, ఒక ఆడిటర్‌ను ఒకేచోట కూర్చోబెట్టి తేల్చుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, అదీ ఆడిటర్‌నే అడగండి.

చందాల విషయంలో

రెండు వేల రూపాయలకు మించిన నగదు చందాకు 80జీ రాయితీ రాదు. పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లలు భారత పౌరులుగా ఉండి, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పాస్‌పోర్టు తీసుకున్నవారి చందా అలా కాదు. దానికి 2010 విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి. బంధువే కదా అని తీసుకుంటే సంఘం చిక్కుల్లో పడుతుంది.

ఏటా చేయాల్సినవి

సర్వసభ్య సమావేశం జరపాలి, మినిట్స్ రాయాలి. లెక్కలు ఆడిట్ చేయించాలి. కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. సొసైటీలు మూతపడేది ఎక్కువగా కుట్రల వల్ల కాదు, ఈ కాగితాలు పంపడం మరిచిపోవడం వల్ల. కమిటీలో తగాదా వస్తే చట్టం 23వ సెక్షన్ మధ్యవర్తిత్వాన్ని, జిల్లా కోర్టును చూపిస్తుంది. మినిట్స్ పుస్తకం సరిగా ఉంటే చాలా తగాదాలు అంతవరకూ పోవు. సంఘం మూసేయాల్సి వస్తే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోకుండా అదే ఆశయం గల మరో సంస్థకు చెందాలని బైలాస్‌లో ముందే రాసుకోవాలి.

కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఉస్మానియా కళాశాల స్థాపించారు. ఆయన లేరు, కళాశాల ఉంది. మనం మొదలుపెట్టేది చిన్న ఫీజుల నిధే కావచ్చు. అదైనా మన తర్వాత నిలవాలంటే మన జేబులో కాక, రాసిపెట్టిన కాగితం మీద ఉండాలి. అమానత్‌ను భద్రంగా అప్పగించే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.