కౌలు చేనుకు చెరువుమట్టి ఎవరు తోలిస్తారు?

కేసీ కాలువ కింద నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. సొంత చేనుకైతే రైతు ఎండాకాలంలో చెరువుమట్టి తోలిస్తాడు, పశువుల ఎరువు వేయిస్తాడు, గట్లు బాగుచేయిస్తాడు. ఏడాది కౌలుకు తీసుకున్న చేనుకు అంత ఖర్చు పెట్టడు. ఈ పంట చేతికొస్తే చాలు, వచ్చే ఏడు ఆ చేను ఎవరు చేస్తారో ఎవరికి తెలుసు? అది కౌలుదారు తప్పు కాదు, కౌలు లెక్కే అంత.

ఐటీలో కాంట్రాక్టు ఉద్యోగం లెక్క కూడా ఇదే. ఇక్కడ చేను మీరు. ఆరు నెలలకో ఏడాదికో మిమ్మల్ని తీసుకున్న క్లయింటు మీకు ఇప్పటికే వచ్చిన పనిని కొనుక్కుంటాడు. రాని పని నేర్పడానికి డబ్బూ సమయమూ పెట్టడు. అందుకే కాంట్రాక్టులో మూడు నాలుగేళ్లు దాటినవాళ్లకు నా సలహా ఒక్కటే: పర్మనెంటు ఉద్యోగానికి మారండి, కానీ భద్రత కోసమని కాదు, నేర్చుకోవడం కోసం మారండి.

ఈ పద్ధతి ఎక్కడిది?

1991 నవంబరు ఉప ఎన్నికలో నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచిన పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడే దేశంలో ఆర్థిక సంస్కరణలు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడింది కూడా 1991లోనే. ఆ తర్వాత విదేశీ కంపెనీల పని పెద్ద ఎత్తున మన దేశానికి వచ్చింది. ఆ పని అంచెలంచెలుగా చేతులు మారుతుంది: విదేశీ క్లయింటు, మన సర్వీసు కంపెనీ, దాని కింద మనుషుల్ని సరఫరా చేసే వెండరు. పని పెరిగితే తీసుకోవడానికీ, తగ్గితే పంపేయడానికీ కాంట్రాక్టు వీలుగా ఉంటుంది.

నంద్యాల ఆర్‌జీఎం, శాంతిరామ్ లాంటి కాలేజీల్లో చదివి రాత్రి బస్సెక్కి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లే పిల్లలకు, క్యాంపస్‌లో ఉద్యోగం రాకపోతే కనిపించే మొదటి మెట్టు ఈ థర్డ్ పార్టీ పేరోలే. అది చిన్నతనం కాదు. చేతిలో అనుభవం లేనప్పుడు లోపలికి అడుగుపెట్టనిచ్చే తలుపు అది. అయితే తలుపు దగ్గరే ఏళ్ల తరబడి నిలబడిపోకూడదు.

మీరు ఆగిపోయారని ఎలా తెలుస్తుంది?

రెండేళ్ల కిందటి మీ రెజ్యూమె తీసి ఇప్పటిదాంతో పోల్చండి. క్లయింట్ల పేర్లు మారి, పని మాత్రం మారకపోతే మీరు ఆగిపోయినట్టే. మాన్యువల్ టెస్టింగ్‌తో మొదలైనవాళ్లు నాలుగో ఏట కూడా అవే టెస్ట్ కేసులు నడుపుతుంటారు. సపోర్టులో చేరినవాళ్లు టికెట్లు మూయడంలోనే ఉంటారు. డిజైన్ చర్చలకు మిమ్మల్ని పిలవరు, కోడ్ రివ్యూలో మీ మాట అడగరు, ట్రైనింగుల జాబితాలో మీ పేరుండదు. ఆళ్లగడ్డ శిల్పశాలలో ఎప్పుడూ రాయి చెక్కు తీసే పనే చేసే కుర్రాడికి విగ్రహానికి కన్ను తీర్చడం రాదు. అది రావాలంటే పెద్ద శిల్పి పక్కన కూర్చోవాలి. పర్మనెంటు ఉద్యోగంలో వెతుక్కోవాల్సింది ఆ పక్కన చోటే.

చేరేముందు అడగాల్సిన ప్రశ్నలు

పర్మనెంటు అన్నంత మాత్రాన పని నేర్పుతారని కాదు. పాత సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులు చేసే టీములో పడితే ఇక్కడా అదే గతి. అందుకని ఇంటర్వ్యూ చివర "మీకేమైనా ప్రశ్నలున్నాయా?" అన్నప్పుడు మొహమాటపడకుండా ఇవి అడగండి:

- మొదటి ఆరు నెలల్లో నేను చేయబోయే పని ఏమిటి?
- నా కోడును చూసి సరిదిద్దే సీనియరు టీములో ఉన్నారా?
- కంపెనీలో వేరే టీముకు మారాలంటే ఎంతకాలం ఆగాలి?
- కోర్సులకు, సర్టిఫికేషన్ పరీక్షలకు కంపెనీ ఫీజు కడుతుందా?
- సర్వీసు బాండ్ ఉందా? నోటీసు పీరియడ్ ఎన్ని రోజులు?

జవాబులు తడబడుతూ వస్తే ఆ ఆఫరు గురించి మళ్లీ ఆలోచించండి.

జీతం లెక్క

చాలామంది వెనకాడేది ఇక్కడే. కాంట్రాక్టులో నెలకు 90,000 వస్తోందనుకుందాం. రెండు కాంట్రాక్టుల మధ్య రెండు నెలలు ఖాళీ పడితే ఏడాదికి చేతికొచ్చేది 9 లక్షలే. అవతల పర్మనెంటు ఆఫరులో సీటీసీ 9 లక్షలని రాస్తే అందులో యజమాని పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, వేరియబుల్ పే కూడా కలిసి ఉండవచ్చు. కాబట్టి సీటీసీని చూసి మురిసిపోవద్దు, బెదిరిపోనూ వద్దు. నెలనెలా చేతికి ఎంతొస్తుందో కాగితం మీద రాయించుకోండి.

గ్రాట్యుటీని చిన్నచూపు చూడొద్దు. బేసిక్ 50,000 ఉండి ఐదేళ్లు పనిచేస్తే దాదాపు 1.44 లక్షలు వస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం, కంపెనీ నేరుగా నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. వెండరు పేరోల్ మీద ఉన్నవాళ్లు తమ కాగితాల్లో ఏముందో తప్పక చదువుకోవాలి.

మారే దారి

ముందు ఒకే నైపుణ్యం ఎంచుకోండి, అదీ ఇప్పటి పనికి పక్కనున్నదే. టెస్టర్లకు ఆటోమేషన్, సపోర్టువాళ్లకు లినక్స్‌తో మొదలుపెట్టి క్లౌడ్, ఎస్‌క్యూఎల్ రిపోర్టులు చేసేవాళ్లకు పైథాన్, డేటా ఇంజినీరింగ్. ఎన్‌పీటెల్, స్వయం కోర్సులు ఉచితంగా చూడొచ్చు. రోజుకు గంట చొప్పున ఆరు నెలలు పెట్టి, చివరికి పనిచేసే ప్రాజెక్టు ఒకటి గిట్‌హబ్‌లో ఉంచండి.

రెండోది, ఇప్పుడున్న చోటే అడగండి. మీ పని నచ్చిన మేనేజరు మిమ్మల్ని కంపెనీ రోల్స్‌లోకి తీసుకునే అవకాశం ఉంటుంది. కాంట్రాక్ట్ టు హైర్ అని చెప్పి తీసుకుంటే ఎన్ని నెలలకు, ఏ షరతు మీద తీసుకుంటారో రాతపూర్వకంగా ఉండాలి.

మూడోది, కాగితాలు. ప్రతి వెండరు దగ్గరా ఆఫర్ లెటరు, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటరు తీసుకోండి. పీఎఫ్ అంతా ఒకే యూఏఎన్ కింద ఉంచుకోండి. ఖాళీ నెలలను కప్పిపుచ్చడానికి దొంగ ఎక్స్‌పీరియన్సు పెట్టించుకోవద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు తీస్తే తేదీలు బయటపడతాయి. ఆ మచ్చ తుడుచుకోవడం కష్టం.

కాంట్రాక్టే మేలైనవాళ్లు

ఒక పనిలో పదేళ్లు పండి, దానికి గిరాకీ ఉండి, నేర్చుకోవడానికి తమ డబ్బు, తమ సమయం తామే పెట్టుకోగలవారికి కాంట్రాక్టు బాగానే ఉంటుంది. అప్పుడు చేను యజమానే ఎరువు వేసుకుంటున్నట్టు. మొదటి ఐదారేళ్లలో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు తక్కువ.

పర్మనెంటు అన్న మాటను శాశ్వతమని కూడా నమ్మొద్దు. 2025 జూలైలో టీసీఎస్ అంతటి కంపెనీయే ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. కంపెనీ ఇచ్చే ఐడీ కార్డు ఎప్పుడైనా వెనక్కి ఇవ్వాల్సిందే. అక్కడ ఉన్నన్నాళ్లూ నేర్చుకున్న పనిని మాత్రం ఎవరూ అడిగి తీసుకోలేరు.

ఈ ఆదివారం గంటసేపు కూర్చుని మీ పాత రెజ్యూమె, కొత్త రెజ్యూమె పక్కపక్కన పెట్టుకోండి. వచ్చే ఏడాది అందులో చేరాల్సిన ఒక్క నైపుణ్యం పేరు రాసుకోండి. దాన్ని నేర్పే ఉద్యోగాన్నే వెతకండి.