ఎవరి యింటి కెదురుగా వారు

పాఠ్య భాగము: నెహెమ్యా 3వ అధ్యాయము
ధ్యానమునకు: నిర్గమ. 18:13-26, మార్కు 1:32-38, లూకా 14:28-30



నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును మన కూటములలో చదువువారు అరుదు. అది పేర్ల పట్టిక వలె కనబడుటచేత చాలమంది దానిని దాటి నాలుగవ అధ్యాయమునకు పోవుదురు. మేమును అనేక సంవత్సరములు అట్లే చేసితిమి. గత సంవత్సరము మాకు కలిగిన యొక సిగ్గు మమ్మును ఆ అధ్యాయమునకు త్రిప్పినది. దానిని దాచక చెప్పుచున్నాము.

గత సంవత్సరము జనవరి మొదటి ఆదివారమున, ఆరాధన ముగిసిన పిమ్మట, గూడూరునకు తూర్పున నున్న మా పల్లె మందిరపు వసారాలో కూర్చుండి ఆ యేడు చేయదలచిన పనులను వ్రాసికొంటిమి. మందిరమునకు ప్రహరీ గోడ కట్టవలెను. ప్రతి కుటుంబమును నెలకొకసారి దర్శింపవలెను. అందరును బైబిలును ఏడాదిలో చదివి ముగింపవలెను. స్త్రీల కూటము, యౌవనుల కూటము వారము వారము జరుపవలెను. బడి మానిన పిల్లలకు రాత్రివేళ చదువు చెప్పవలెను. అప్పులున్నవారు అప్పులు తీర్చుకొనవలెను. ఈ విధముగా పదకొండు పనులై, కాగితము క్రింద అందరము చేవ్రాళ్లు చేసితిమి. ఆ దినమున మా ఉత్సాహమునకు మేర లేదు.

ఈస్టరు పండుగ నాటికి గోడకు పునాది మాత్రము పడి, డబ్బు చాలక పని ఆగిపోయెను. బైబిలు పఠనము లేవీయకాండములో నిలిచిపోయెను. (అక్కడనే నిలిచిపోవువారు ఎందరో మీకును తెలిసియే యుండును.) దర్శనములు పెండ్లిండ్ల కాలముతో చెదరిపోయెను. వీటికి మేము పెద్దగా చింతింపలేదు. రాత్రి బడికి పేరిచ్చిన యొక బాలుడు, పలక చంకబెట్టుకొని, వరుసగా మూడు సాయంత్రములు మందిరపు మెట్లమీద కూర్చుండి, ఎవరును రాకపోగా ఇంటికి మరలిపోయెనని అతని నాయనమ్మ చెప్పినప్పుడు మాత్రము మేము తల యెత్తలేకపోతిమి. ఆమె కోపపడలేదు. “మీకు పనులెక్కువ గదయ్యా” అని మాత్రమే అన్నది. నాలుగవ సాయంత్రము మాలో నొకడు వెళ్లెను గాని బాలుడు రాలేదు. కొన్నాళ్లకు అతడు నిమ్మతోటలలో కాయలు ఏరుటకు పోవుచున్నాడని వింటిమి.

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెననియు, లేనియెడల చూచువారు నవ్వుదురనియు ప్రభువు చెప్పెను. మా పునాదిని చూచి ఎవరును నవ్వలేదు. మేకలు దానిమీద ఎక్కి ఆడుకొనుచున్నవి.

ఇప్పుడు నెహెమ్యా యొద్దకు వత్తము. ఆయన పని మొదలుపెట్టక పూర్వము రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, పడిపోయిన గోడ చుట్టు తిరిగి, తన కన్నులతో చూచెను (2:12-15). తరువాత ఎవరి పాలు ఎంతయో ఏర్పడెను. యాజకులకు గొఱ్ఱెల గుమ్మము. బంగారపు పనివారికి ఒక భాగము, పరిమళ ద్రవ్యములు చేయువారికి దాని ప్రక్కది. షల్లూము అనువాడు తన కుమార్తెలతో కూడ బాగుచేసెను. తెకోవ ఊరి పెద్దలు మెడ వంచలేదని కూడ ఆ పట్టికలో వ్రాయబడియున్నది. అట్టివారు ప్రతి ఊరిలోను కలరు. ఈ అధ్యాయములో మరల మరల వచ్చు సంగతి యేమనగా, అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగా నున్న గోడను కట్టిరి. బెరెక్యా కుమారుడైన మెషుల్లాము తన గదికి ఎదురుగా నున్నంత మట్టుకు కట్టెను. ఆ గది యెంత వెడల్పో గ్రంథము చెప్పదు. గది యెదుట గోడ ఎంత యుండును? అయినను అతని పేరు వ్రాయబడెను.

ఇంకొక మాట గమనించుడి. కొందరి విషయమై వారు రెండవ భాగమును కట్టిరని యున్నది. తెకోవీయులు, పెద్దలు రాకపోయినను, తమ పాలు కట్టి మరియొక భాగమును పట్టుకొనిరి (3:5, 27). మేము చేసినది దీనికి తలక్రిందు. మొదటి భాగము కట్టకమునుపే పదకొండు చోట్ల మట్టి త్రవ్వితిమి. వారి గోడ ఏబదిరెండు దినములలో ముగిసినది (6:15).

ఇది పరదేశపు సంగతి యని ఎవరైన అనుకొనిన యెడల, మన తూర్పున సముద్రపు ఒడ్డు వెంబడి పోవు బకింగ్‌హాము కాలువను చూడుడి. ఉత్తరమున పెదగంజాము మొదలుకొని దక్షిణమున తమిళ దేశపు మరక్కాణము వరకు అది రమారమి 260 మైళ్లు. 1876-78 సంవత్సరముల గొప్ప కరువులో సర్కారువారు పేదలకు కూలి దొరకునట్లు ఈ కాలువపని సాగించిరి. అప్పుడు ఒంగోలులో నున్న మిషనెరీ జాన్ క్లౌ దొరగారు (ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే) తన చుట్టు జనులు ఆకలిచేత చచ్చుట చూచెను. కరువును ఆపుట ఆయన వశము కాదు. జిల్లా అంతటికి అన్నము పెట్టుటయు కాదు. పూర్వము స్వదేశములో భూమి కొలతల పని చేసినవాడు గనుక తనకు తెలిసిన పనిని ఎన్నుకొనెను. ఆ కాలువలో మూడున్నర మైళ్లు కంట్రాక్టుకు తీసికొని, తన బోధకులను మేస్త్రీలుగా నిలిపి, వచ్చినవారిచే త్రవ్వించి కూలి యిచ్చెను. 260 మైళ్లలో మూడున్నర!

ఆ దినములలో ఆయన చేయక మానిన పని కూడ చెప్పవలెను. కాలువ గట్టున సువార్త విని బాప్తిస్మము కోరినవారు అనేకులుండిరి. కూలికొరకు చేరిరను మాట రాకుండునట్లు, కరువు తగ్గువరకు, ఏడాదికి పైగా, ఆయన వారిని ఆపియుంచెను. మిషనెరీకి అంతకంటె ప్రియమైన పని యేది? దానినే ప్రక్కన పెట్టెను. పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ పనియైనను ఒకని చేతిమీదుగా జరుగలేదు. ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలసినప్పుడు మారుచు ఇచ్చిరి. మన ప్రసంగములలో 2222 సంఖ్యను చెప్పువారు అనేకులు. మూడున్నర మైళ్లను చెప్పువారు తక్కువ.

చిన్న పాలు తీసికొన్నవానికి ఎల్లప్పుడు పెద్ద పంట వచ్చునని మాత్రము అనుకొనకుడి. డే దొరగారు 1840లో నెల్లూరు వచ్చినది మొదలు, తరువాత జ్యూయెట్ దొరగారి దినములలోను, పాతికేండ్ల కష్టమునకు విశ్వాసులు కొద్దిమందియే. 1853లో ఈ మిషనును మూసివేయుదమా యని అమెరికాలో ఆలోచన జరిగెను. వారి పాలును పాలే.

విడిచిపెట్టుటయే కష్టము. కపెర్నహూములో ఒక సాయంత్రము రోగులందరును ప్రభువు వాకిట చేరిరి. తెల్లవారుజామున ఆయన ఒంటరిగా ప్రార్థించుచుండగా శిష్యులు వచ్చి, అందరును వెదకుచున్నారని చెప్పిరి. ఆయన తిరిగి ఆ వాకిటికి పోక, తాను వచ్చిన పని ఇదియేయని ఇతర గ్రామములకు పోయెను. ఆ ఉదయము వచ్చి మరలిపోయిన రోగులను గూర్చి మేము చాల ఆలోచించితిమి. వారిని ఆయన ప్రేమింపలేదనగలమా? మోషే యైతే ఉదయము మొదలు సాయంత్రము వరకు తానే తీర్పు తీర్చుచు నలిగిపోవుచుండగా మామయైన యిత్రో వచ్చి బుద్ధి చెప్పెను. అల్లుడు మామ మాట వినుట మన దేశములో అద్భుతమే గాని, మోషే వినెను.

కావున ఈ నెల మీరు ఇంట కూర్చుండి ఆలోచించునప్పుడు పెద్ద కాగితము తీయకుడి. మీ గడపలో నిలిచి చూచిన కనబడు పని యేది? అది ఏ దినమున, ఏ వేళకు? నాట్లు, కోతలు వచ్చినప్పుడు దాని గతి యేమి? గంటసేపు ప్రార్థింతునని మ్రొక్కుకొని నాలుగు దినములలో మానుటకంటె, పొయ్యి వెలిగింపక మునుపు ఒక కీర్తన చదువుట మేలు. అప్పంతయు ఈ యేడే తీర్తుననుటకంటె, పొదుపు సంఘపు వాయిదా తప్పక కట్టి, క్రొత్త అప్పు చేయననుట మేలు. బోరులో నీరు తగ్గిన వేసవిలో నిమ్మ రైతు అన్ని చెట్లకు తలా చెంబెడు పోసి తృప్తిపడడు. కాపునకు వచ్చిన చెట్లను ముందు చూచుకొనును. ఏది మానుచున్నారో దానిని కూడ ఇంటివారితో నోరార చెప్పుడి. చెప్పక మానిన పనికొరకు ఎవరో ఒకరు మెట్లమీద కూర్చుండియుందురు.

ఈ సంవత్సరము మేము ఆ పాత కాగితమును తీసి పది పనులను కొట్టివేసితిమి. గోడను కొట్టివేసినప్పుడు, దానికి మొదటి కానుక యిచ్చిన పెద్దాయన లేచి వెళ్లిపోయెను. రెండుసార్లు ఆయన యింటికి పోతిమి. ఇప్పుడు ఆరాధనకు వచ్చుచున్నారు గాని మాతో మునుపటివలె మాటలాడుట లేదు. మిగిలిన పని రాత్రి బడి యొకటే, మంగళ, శుక్రవారములు, ఏడు గంటలకు. ఏడుగురు పేర్లిచ్చిరి, నలుగురు నిలిచిరి. ఆ బాలుని నాయనమ్మ యొద్దకు పోయి తప్పు ఒప్పుకొంటిమి. పగలంతయు పనిచేసి అలసియుండును గనుక అతడు శుక్రవారము మాత్రమే వచ్చుచున్నాడు. గుణింతములలో ‘త’ వరకు వచ్చెను. గోడ పునాది ఇంకను అట్లే యున్నది. బడి మొదలగువరకు పిల్లలు మేకలను తోలి దానిమీదనే కూర్చుండుచున్నారు.